సగం విని లేచిపోయినవాళ్ళ తరఫున

మా గ్రంథాలయంలో తలుపు పక్కనే చిన్న బల్ల మీద సలహాల పుస్తకం ఉంటుంది, దారంతో కట్టేసిన పెన్నుతో సహా. కుర్చీ కిర్రుమంటోందనీ, ఫలానా నవల రెండో భాగం ఎప్పుడూ దొరకదనీ, వెనక వరసలో లైటు వెలగడం లేదనీ జనం అందులో రాస్తుంటారు. పోయిన వారం పుస్తకాలు తిరిగిచ్చి వస్తూ ఊరికే పేజీలు తిప్పితే ఇది కనిపించింది:

"నిన్న సాయంత్రం రీడింగ్ రూములో సంగీత కచేరీ పెట్టారు. సంగీతం వినాలంటే దానికి హాళ్ళున్నాయి. చదువుకోవాలంటే నాకు ఈ గది తప్ప ఇంకోటి లేదు. దయచేసి ఆలోచించండి."

కింద సంతకం లేదు. గుండ్రటి చేతిరాత, కొట్టివేతలు లేవు. తిట్టి ఉంటే అక్కడే మర్చిపోయేదాన్ని. ఆ "దయచేసి ఆలోచించండి" నా వెంట ఇంటిదాకా వచ్చింది. ఎందుకంటే ఆ కచేరీలో ముందు వరసలో కూర్చున్నవాళ్ళలో నేనొకదాన్ని. రెండు రోజులు మనసులోనే జవాబులు చెప్పుకుని, మూడో రోజు రాద్దామని వెళ్తే ఆ పేజీలో నాలుగు గీతల జాగా ఉంది. నేను చెప్పాలనుకున్నది నాలుగు గీతల్లో ఇమిడేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా పక్షం ముందే చెప్పేస్తాను. గ్రంథాలయంలో కచేరీ జరగాలి. అయితే దాన్ని గ్రంథాలయంలాగే జరపాలి. సంగీతసభను తెచ్చి పుస్తకాల మధ్య పెడితే మాత్రం ఆ గుండ్రటి చేతిరాతదే న్యాయం.

ఆ గంటసేపు

ఒక సెల్లో (కూర్చుని, ముందు నిలబెట్టుకుని కమానుతో వాయించే పెద్ద వయొలిన్ లాంటిది), ఒక పియానో. బీథోవెన్ ఎ మేజర్ సొనాటా (ఓపస్ 69; సొనాటా అంటే కొన్ని భాగాలుగా సాగే రచన, ఓపస్ అంటే రచన సంఖ్య), ఫోరే రాసిన ఎలెజీ అనే శోకగీతం, చివర్లో సాన్‌సాన్స్ 'హంస'. వాయించినవాళ్ళిద్దరూ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, పిలిచినచోట వాయించే అమ్మాయిలు. పొడుగాటి బల్లలన్నీ గోడవారకు జరిపి, యాభై కుర్చీలు వేశారు.

పియానో గ్రాండ్ కాదు, గోడకు ఆనించి పెట్టే నిలువు పియానో. ఎవరో ఎప్పుడో ఇచ్చిపోయారు. ఇన్నాళ్ళూ దాని మీద పాత పత్రికల దొంతరలుండేవి. శ్రుతి కొంచెం దిగిందని పియానో అమ్మాయి నాలుగు మెట్లు నొక్కి చూడగానే తెలిసిపోయింది. ఇప్పుడేం చేస్తాం? 88 మెట్ల వెనక సుమారు 230 తీగలుంటాయి. వాటిని పైకి లాగి సరిచేయడం గంటలో అయ్యే పని కాదు. సెల్లోకి నాలుగే తీగలు. కాబట్టి సెల్లో అమ్మాయే తన తీగలు దించుకుంది. పియానో ఒక స్వరం పలకడం, ఈమె బిరడా కొంచెం వదులు చేసి కమానుతో లాగి చూడడం, మళ్ళీ ఇంకొంచెం వదులు చేయడం. పక్కన కూర్చున్న పెద్దాయన "ఇదేనా పాట?" అని నన్ను అడిగాడు. పరిహాసానికి కాదు, నిజంగానే అడిగాడు. ఇంకా మొదలవలేదని చెప్పాను.

తర్వాత సెల్లో జారింది. సెల్లో అడుగున ఎండ్‌పిన్ అని ఇనుప ముల్లు ఒకటి ఉంటుంది, వాద్యం బరువు నేల మీద ఆనడానికి. బీథోవెన్ కాలంలో అది దాదాపు లేదు, వాద్యాన్ని పిక్కల మధ్య ఇరికించి పట్టుకునేవారు. 19వ శతాబ్దంలో బెల్జియం వాదకుడు సెర్వే దాన్ని వాడుకలోకి తెచ్చాడంటారు. నున్నటి పలకల మీద ఆ ముల్లు నిలవదు. రెండుసార్లు సెల్లో ఆమె ఒళ్ళోంచి ముందుకు వెళ్ళిపోయింది. లైబ్రేరియన్ గబగబా వెళ్ళి గుమ్మంలోని కాళ్ళ పట్టా దులిపి తెచ్చి, ఒక అంచు కుర్చీ కాళ్ళ కింద తొక్కిపెట్టింది. ముల్లు ఆ పట్టాలో దిగింది. ఆ సాయంత్రం విన్న బీథోవెన్ అంతా అందరం కాళ్ళు తుడుచుకున్న పట్టా మీద నిలబడి పలికినదే.

ఇంకొకటి గమనించాను. నిలువు పియానో గోడవైపు తిరిగి ఉండటంతో పియానో అమ్మాయికి సెల్లో అమ్మాయి కనపడదు. హాలులో అయితే పక్కచూపుతో, తల ఊపుతో కలిసి మొదలుపెడతారు. ఇక్కడ సెల్లో అమ్మాయి ప్రతి ఎత్తుగడకు ముందు ముక్కుతో గట్టిగా ఊపిరి పీల్చేది. ఆ ఊపిరి విని ఈమె చేతులు వేసేది. మూడడుగుల దూరంలో ఉన్న నాకు ప్రతి ఊపిరీ వినపడింది. కాసేపటికి నేనూ వాళ్ళతోబాటే ఊపిరి పీలుస్తున్నానని తెలిసి నవ్వొచ్చింది.

ఆ సొనాటా సెల్లో ఒంటరి గొంతుతో మొదలవుతుంది. మంద్రంలో, తొందర లేకుండా, ఎవరో తమలో తాము ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు. పియానో ఆ కాసేపు నోరు మెదపదు. ఇంట్లో స్పీకర్లలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కానీ పుస్తకాల అల్మరాల మధ్య, గోడ గడియారం టిక్కుటిక్కుల మీద, తీగకు కమాను రాసుకునే గరగరతో సహా వినడం వేరే అనుభవం.

గది వాదం, దాని బొక్క

ఇక్కడ నా మొదటి జవాబు చాలా గొప్పగా ఉందనుకున్నాను. ఇలా సాగింది.

ఈ సంగీతం అసలు హాళ్ళ కోసం పుట్టిందే కాదు. ఛేంబర్ మ్యూజిక్ అన్న మాటలోనే గది ఉంది. బీథోవెన్ మొదటి రెండు సెల్లో సొనాటాలు 1796లో బెర్లిన్ ప్రయాణంలో పుట్టాయి, సెల్లో వాయించే ప్రష్యా రాజు ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ 2 కోసం. అప్పటిదాకా ఇలాంటి జోడీలో సెల్లో పని ఎక్కువగా పియానో ఎడమచేతి వెంట నడవడమే. ఈ ఎ మేజర్ సొనాటా 1808 నాటికి పూర్తయింది, అయిదో సింఫనీ, ఆరో సింఫనీ రాస్తున్న రోజుల్లోనే. అంకితం చేసింది గ్లైఖెన్‌స్టైన్ అనే స్నేహితుడికి. ఆయన సరదాకి సెల్లో వాయించుకునేవాడు తప్ప వృత్తి వాదకుడు కాదు. ఫోరే ఎలెజీ సంగతి చూస్తే, 1880లో మొదట వినిపించింది సాన్‌సాన్స్ ఇంట్లో. ఒక సొనాటాలో విలంబ భాగంగా మొదలుపెట్టి, ఆ సొనాటా ముందుకు సాగక దీన్నొక్కదాన్నే విడిగా అచ్చు వేయించాడు.

పైగా వాద్యాలు కూడా మారాయి. బీథోవెన్ ఎరిగిన పియానో చెక్క చట్రంది, తేలికపాటిది. ఇవాళ్టి కచేరీ గ్రాండ్ తొమ్మిదడుగుల పొడవు, దాదాపు అయిదు వందల కిలోల బరువు, లోపల ఇనుప చట్రం. దాని పక్కన సెల్లో గొంతు వినపడాలంటే వాదకురాలు గింజుకోవాలి. బ్రామ్స్ తన మొదటి సెల్లో సొనాటా వాయిస్తుంటే, పక్కన సెల్లో పట్టుకున్న గాయకమిత్రుడు "నా వాద్యం నాకే వినపడటం లేదు" అని మొర పెట్టుకున్నాడనీ, "అదృష్టవంతుడివి" అని బ్రామ్స్ జవాబిచ్చాడనీ ఒక కథ ఎప్పటినుంచో తిరుగుతోంది. మా గ్రంథాలయంలోని ముసలి పియానోకి ఆ పొగరు లేదు. సెల్లో ఎక్కడా మునిగిపోలేదు. అందువల్ల ఈ సంగీతానికి రెండు వేల కుర్చీల హాలుకన్నా ఈ గదే సొంతిల్లు, మేం దాన్ని ఇంటికి తీసుకొచ్చాం, అంతే.

ఇంతవరకూ రాసుకుని మర్నాడు చదువుకుంటే నా వాదం నాకే వెగటు పుట్టింది. సొంతిల్లే, కానీ ఎవరి ఇల్లు? బీథోవెన్ వాయించిన గదులు రాకుమారులవి, ప్రభువులవి. పిలుపు ఉంటేనే ప్రవేశం. టికెట్టు కొంటే ఎవరికైనా కుర్చీ దొరికే హాలు అంతకన్నా నయం. అంటే, గది చిన్నదైనంత మాత్రాన అది అందరిదీ అయిపోదు. గది గురించి నేను చెప్పిన చరిత్రంతా నిజమే, కానీ అడిగినదానికి అది జవాబు కాదు. చదువుకునే మనిషిని "లేచి పక్కకి వెళ్ళు" అనడానికి బీథోవెన్ కాలపు డ్రాయింగ్ రూముల గొప్ప చాలదు.

అలా చూస్తే గదికన్నా తలుపు ముఖ్యమని తోచింది.

తలుపు

సొనాటా రెండో భాగం మొదలయ్యాక తలుపు కిర్రుమంది. ఒకావిడ, చేయి పట్టుకున్న ఆరేడేళ్ళ పిల్ల. చేతుల్లో తిరిగి ఇవ్వాల్సిన పుస్తకాలు. కచేరీ కోసం వచ్చినవాళ్ళు కాదని చూడగానే తెలుస్తోంది. మొదలుపెట్టేటప్పుడు ఎవరో తలుపు వేసేశారు, హాళ్ళలో వేసినట్టే. వాళ్ళు అద్దం అవతల ఎంతసేపు నిలబడ్డారో తెలీదు. లైబ్రేరియన్ చూసి తెరిచింది. ముందు వరసల్లోవాళ్ళం ఒక్కసారిగా వెనక్కి తిరిగి గుడ్లురిమి చూశాం. చూశాం అంటున్నాను, చూశారు అనటం లేదు. ఆవిడ మొహం చిన్నబోవడం నాకు స్పష్టంగా కనపడింది. పిల్ల మాత్రం ఏమీ పట్టించుకోకుండా సెల్లో వైపు చూపించి, "దాని కాలు పట్టాలో దిగబడిపోయిందమ్మా" అంది, మామూలు గొంతుతో. రెండు నిమిషాలు నిలబడి విన్నారు. పుస్తకాలు కౌంటరు మీద పెట్టేసి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి నన్ను తొలిచింది ఆ చూపే. నేనెవర్ని? టికెట్టు కొన్నదాన్ని కాదు. ఆవిడ హక్కుగా వచ్చిన చోట, ఆవిడ పని మీద ఆవిడ వస్తే, ఆవిణ్ణి చొరబడిన మనిషిలా చూశాను.

గ్రంథాలయం మనకిచ్చిన అలవాటు ఒకటుంది. పుస్తకం తీసుకుంటాం, ముప్ఫై పేజీలు చదువుతాం, నచ్చదు, తిరిగి ఇచ్చేస్తాం. "ఎందుకు పూర్తి చేయలేదు?" అని కౌంటరులో ఎవరూ అడగరు. అల్మరా దగ్గర నిలబడి మధ్య పేజీ తెరిచి రెండు పేరాలు చదివి పెట్టేసినా తప్పు లేదు. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో రెండు జంటగా ఉంటాయి: ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. ఎవరికి ఏది తనదో ముందే తెలియదు కాబట్టే కదా, తీసి చూసి పెట్టేసే వీలు ఉండాలి.

సెల్లో వాదకుడు పాబ్లో కసాల్స్‌కి పదమూడేళ్ళప్పుడు, 1890లో, బార్సిలోనాలో పాత స్వరలిపి పుస్తకాలు అమ్మే కొట్లో వెతుకుతుంటే బాఖ్ సెల్లో సూట్లు (చిన్న ముక్కలు వరసగా కూర్చిన రచనలు) దొరికాయి. అవి ఉన్నాయన్న సంగతే ఆయనకు తెలీదు. వెతికింది ఇంకేదో. ఆ తర్వాత పన్నెండేళ్ళ పాటు సాధన చేసిగానీ సభలో వాయించలేదు. ఆ కొట్లో "ఏం కావాలో చెప్పి కొనుక్కో, కెలక్కు" అని ఎవరైనా అని ఉంటే?

హాలుకు ఈ కెలుకుడు గుణం లేదు. టికెట్టు ధర ఒక్కటే అడ్డం అనుకుంటాం గానీ, నా అనుభవంలో దానికన్నా పెద్ద అడ్డం మొహమాటం. వరస మధ్యలో కూర్చుంటే ఇరవై మోకాళ్ళు దాటి బయటికి రావాలి. దగ్గొస్తే భయం. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలీదు. ఏమీ తెలియని మనిషి "పోనీ ఒకసారి చూద్దాం" అని అడుగుపెట్టే చోటు కాదది. గ్రంథాలయంలో కచేరీ పెట్టడానికి నాకు కనిపించే గట్టి కారణం ఇదొక్కటే: నచ్చకపోతే ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా లేచిపోవచ్చు. ఆ హక్కు లేకుండా చేస్తే ఇక ఈ బల్లలు జరపడం దేనికి?

చప్పట్ల సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. మొదటి భాగం అవగానే వెనకనుంచి నలుగురైదుగురు చప్పట్లు కొట్టారు. వెంటనే ఎవరో "ఉష్" అన్నారు. ఆ ఉష్ చప్పట్లకన్నా గట్టిగా వినపడింది. భాగానికీ భాగానికీ మధ్య మౌనంగా ఉండటం ఆదినుంచీ ఉన్న ఆచారమేమీ కాదు. 1778లో పారిస్‌లో తన సింఫనీ మొదటి భాగం నడుస్తుండగానే జనం చప్పట్లు కొట్టారని మోజార్ట్ తండ్రికి ఎంతో సంబరంగా ఉత్తరం రాశాడు. 1813లో బీథోవెన్ ఏడో సింఫనీ మొదటిసారి వాయించినప్పుడు జనం రెండో భాగాన్ని మళ్ళీ వాయించేదాకా ఊరుకోలేదు. మరి ఉష్ అనే అధికారం మనకెక్కడిది? సెల్లో అమ్మాయి అయితే చప్పట్లు కొట్టినవాళ్ళ వైపు తిరిగి తల వంచి నవ్వింది. కానీ నష్టం జరిగిపోయింది. రెండో భాగం అంత చలాకీగా నడిచినా ఒక్క చేయీ కదల్లేదు. అది వినే మౌనం కాదు, తిట్లు తిన్న మౌనం.

ఎదుటి వాదం నాకు తెలుసు. మౌనానికీ ఒక పని ఉంది. ఈ సొనాటాలోనే, చివరి వేగానికి ముందు విలంబంగా ఒక అడాజియో వస్తుంది. మొత్తం 18 బార్లే (బారు అంటే మన తాళంలో ఆవర్తం లాంటిది). పూర్తి విలంబ భాగం వస్తోందని ఆశ పెట్టి, తీరా మనం కుదురుకునేలోపు ఆఖరి భాగంలోకి జారుకుంటుంది. ఆ జారుడులో ఒక దగ్గు పడినా చిరాకే. నిజమే. అయితే అక్కడ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టకూడదని ఎవరూ చెప్పలేదు కూడా.

సరంజామా సరిగా లేనిచోట వాయించడం సంగీతానికే అవమానం అనే పెద్దమనుషులు ఉంటారు. శ్రుతి దిగిన పియానో, పుస్తకం అప్పిచ్చే యంత్రం బీప్‌మనే చప్పుడు, ఇదేం కచేరీ అని. వాళ్ళకు నా దగ్గర ఉన్న ఉదాహరణ పాతదే. 1939లో లండన్ నేషనల్ గ్యాలరీలో బొమ్మలన్నీ యుద్ధభయంతో తరలించేశాక, ఖాళీ గోడల మధ్య పియానో వాదకురాలు మైరా హెస్ మధ్యాహ్నపు కచేరీలు మొదలుపెట్టింది. ఆరేళ్ళ పైగా సాగి 1,698 దాకా జరిగాయి. అంతకుముందే, 1925లో, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన భవనంలోనే ఎలిజబెత్ కూలిడ్జ్ విరాళంతో ఛేంబర్ సంగీతానికి ఒక సభామందిరం కట్టుకుంది. అయితే ఒప్పుకోవాలి, అది విడిగా కట్టిన మందిరం. చదివేవాళ్ళ బల్లలు జరిపి పెట్టింది కాదు.

మెట్ల మీద

అసలు చిక్కు ఇక్కడుంది, దీన్ని దాటేయకూడదు.

కచేరీకి ముందు మంచినీళ్ళ కోసం బయటికి వెళ్ళాను. మేడమెట్ల మీద ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మీద లావుపాటి పుస్తకం, మధ్యలో పెన్సిలు. రెండు బొటనవేళ్ళూ చెవుల్లో పెట్టుకుని, మిగతా వేళ్ళతో తల పట్టుకుని చదువుతున్నాడు. లోపల కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు. పేజీ తిప్పాల్సి వచ్చినప్పుడల్లా ఒక చెయ్యి తీసి, తిప్పి, మళ్ళీ చెవిలో పెట్టుకుంటున్నాడు. నేను వాణ్ణి చుట్టుతిరిగి వెళ్ళి నీళ్ళు పట్టుకుని వచ్చాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు. సలహాల పుస్తకం చదివాక ఆ బొటనవేళ్ళు గుర్తొచ్చాయి. ఆ చేతిరాత వాడిదో కాదో తెలీదు.

నేనూ ఒకప్పుడు అలాంటి గదిలో చదువుకునే గట్టెక్కాను. ఇంట్లో ఎప్పుడూ టీవీ, లేదా ఎవరో ఒకరి మాటలు. కిటికీ పక్క బల్ల నాదని అనుకునేదాన్ని, ఇంకెవరైనా కూర్చుంటే లోపల లోపల తిట్టుకునేదాన్ని. ఆ రోజుల్లో ఎవరైనా వచ్చి "ఇవాళ ఇక్కడ సెల్లో వాయిస్తారు, నీకు చాలా మంచిది" అంటే ఏమనేదాన్నో ఇక్కడ రాయను.

సరే, ఇంకో గదిలో పెట్టుకోవచ్చుగా అంటారు. మా గ్రంథాలయానికి ఇంకో పెద్ద గది లేదు. ఉన్నా, సెల్లోని తలుపు ఆపలేదు. దాని అడుగు తీగ సుమారు 65 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అంత మంద్రమైన ధ్వని గోడల్లోంచి, నేలలోంచి పాకుతుంది. చెవిలో వేలు పెట్టుకున్నవాడికి మెట్టు గుండా తెలుస్తుంది.

అయితే గ్రంథాలయం మూసేశాక పెట్టండి, చదివేవాళ్ళకు ఇబ్బంది ఉండదు. నేనూ మొదట ఇదే అనుకున్నాను. కానీ మూసేశాక ఎవరు వస్తారు? కచేరీ కోసమే వచ్చేవాళ్ళు. అంటే నాలాంటివాళ్ళు, పెట్టకపోతే హాలుకైనా వెళ్ళేవాళ్ళు. ఆ రోజు వచ్చినవాళ్ళలో సగానికి పైగా మొహాలు నేను వేరేచోట్ల చూసినవే. పుస్తకాలు తిరిగివ్వడానికి వచ్చి రెండు నిమిషాలు నిలబడిపోయిన తల్లీకూతుళ్ళు రారు. పేపరు చదువుకోవడానికి వచ్చిన ఆ పెద్దాయన రాడు.

ఆయన గురించి చెప్పాలి. "ఇదేనా పాట?" అని అడిగినాయనే. ఆయనకు రోజూ కూర్చునే కుర్చీ కచేరీ వరసలో కలిసిపోతే, అందులోనే కూర్చుని పేపరు విప్పుకున్నాడు. బీథోవెన్ నడుస్తున్నంతసేపూ మొహమాటం లేకుండా పేజీలు తిప్పాడు. గరగరమని చప్పుడు. ఎలెజీ మొదలైంది. పియానోలో ఒకే అడుగుతో నడిచే స్వరాల గుత్తులు, వాటి మీద సెల్లో గట్టిగా ఏడుపు ఎత్తుకున్నట్టు దిగివస్తుంది. వెంటనే అదే వాక్యాన్ని మళ్ళీ చెబుతుంది, ఈసారి గొంతు పూర్తిగా తగ్గించి, పక్కవాళ్ళకు వినపడకూడదన్నట్టు. అక్కడినుంచి చివరిదాకా, ఆరేడు నిమిషాలు, పేపరు పేజీ తిరగలేదు. ఆయన విన్నాడని నేను అనుకోవాలనుకుంటున్నాను. చదువుతున్న వార్త పెద్దదై ఉండొచ్చు. కునికిపాట్లు పడుతూ ఉండొచ్చు కూడా, పేపరు అడ్డంగా ఉంది, మొహం కనపడలేదు.

ఎటు తిప్పినా ఇక్కడికే వస్తున్నాను. నేను ఎవరి కోసం ఈ కచేరీ ఉండాలంటున్నానో, ఆ మనిషి ఇంకో పని మీద అక్కడికి వచ్చినవాడు. ఎవరికి అడ్డం అవుతోందంటున్నారో, ఆ మనిషీ ఇంకో పని మీద వచ్చినవాడే. ఒకణ్ణి కాపాడితే ఇంకొకణ్ణి పోగొట్టుకోవాలి. నెలకు ఒక్క సాయంత్రం, మూసేముందు ఆఖరి గంట, పదిహేను రోజుల ముందే గుమ్మం మీద కాగితం, పరీక్షల నెలల్లో అసలు వద్దు, ఒక మూల నాలుగు బల్లలు జరపకుండా వదిలేయాలి, తలుపు వేయకూడదు. నాకు తోచింది ఇంతే. దీంతో ఆ కుర్రాడి సాయంత్రం ఒకటి పోతుంది. అది నాకు తెలిసే అంటున్నాను.

వాయించినవాళ్ళకేం ఇచ్చారు

ఒక పూలగుత్తి, ఒక ప్రశంసాపత్రం. అడిగి తెలుసుకున్నాను. సెల్లో అమ్మాయి వాద్యంతోబాటు కారులో వచ్చింది, పెట్రోలు ఖర్చు ఆమెదే. ప్రవేశం ఉచితం అన్నామంటే వాయించడమూ ఉచితమే అని ఎవరు తేల్చారో తెలీదు. గ్రంథాలయంలో పుస్తకం మనకు ఊరికే వస్తుంది, కానీ గ్రంథాలయం దాన్ని డబ్బిచ్చి కొంటుంది. డెన్మార్క్ అయితే 1946 నుంచే, పుస్తకాలు గ్రంథాలయాల్లో ఉన్నందుకు రచయితలకు సొమ్ము ముట్టజెప్పే చట్టం పెట్టుకుంది. రచయితకు ఇవ్వాలని తెలిసినవాళ్ళకు వాదకురాలికి ఇవ్వాలని తెలియకపోవడం ఏమిటి? డబ్బు లేకపోతే ఏడాదికి పన్నెండు కచేరీల బదులు నాలుగు పెట్టండి. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు.

ఎంతమంది అని రాయాలి?

అంతా అయ్యాక కుర్చీలు సర్దడానికి సాయం చేస్తూ ఆగాను. చివర్లో 'హంస' వాయించారు. అందరికీ ఎక్కడో ఒకచోట విన్నట్టుండే పాట. 1886లో సాన్‌సాన్స్ జంతువుల మీద సరదాగా రాసిన పద్నాలుగు ముక్కల్లో తను బతికుండగా అచ్చుకు ఒప్పుకున్నది ఇదొక్కటే. మిగతావి బయటపడితే తన పెద్దరికం ఏమైపోతుందోనని భయం. అవి ఆయన పోయాక 1922లో అచ్చయ్యాయి. ఇవాళ ఆయన పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేవి అవే.

లైబ్రేరియన్ ఒక బల్ల మీద సంగీతం పుస్తకాలు ఏడు పేర్చి పెట్టింది, ఆసక్తి పుడితే తీసుకెళ్తారని. కచేరీ అయ్యేసరికి ఏడూ అక్కడే ఉన్నాయి. ఆమె వాటిని ఎత్తుకుంటూ, "నివేదికలో ఎంతమంది వచ్చారని రాయను?" అని అడిగింది. మొదట్లో నలభై ఆరుగురిని లెక్కపెట్టిందట, చివర్లో ముప్ఫై ఒకరు. తల్లీకూతుళ్ళను లెక్కలో వేయలేదట, కూర్చోలేదు కాబట్టి.

"నలభై ఎనిమిది రాయండి" అన్నాను.

"వెళ్ళిపోయినవాళ్ళను కూడానా? పైవాళ్ళు అడిగితే? పూర్తిగా ఉన్నవాళ్ళనే రాయాలేమో."

"పుస్తకం పూర్తిగా చదివినవాళ్ళనే లెక్కేస్తున్నారా మీరు?"

ఆమె కాసేపు ఆలోచించి నలభై అని రాసింది. అదెక్కడినుంచి వచ్చిందని అడిగితే, "మధ్యలో ఉంటుందని" అంది.

నిన్న మళ్ళీ వెళ్ళాను. ఇదంతా ఎలాగూ ఇక్కడ రాస్తున్నాను కదా, కనీసం ఒక వాక్యమైనా అక్కడ పెడదామని సలహాల పుస్తకం తెరిచాను. ఆ గుండ్రటి అక్షరాల కింద, నాలుగు గీతల్లో మొదటిదాని మీద, వేరే సిరాతో, కొంచెం వణికిన చేతిరాతతో ఎవరో రాశారు: "ఆ రోజు రెండోది ఏం వాయించారు? పేరు తెలిసినవాళ్ళు రాయగలరు."

దారంతో కట్టిన పెన్ను తీసుకుని, దాని కింద గీత మీద రాశాను: గాబ్రియేల్ ఫోరే, ఎలెజీ, ఓపస్ 24. నేను చెప్పాలనుకున్న వాక్యం రాయలేదు. ఇంకా రెండు గీతలున్నాయి.